మరమనిషి చెంత మనిషి

1961వ సంవత్సరంలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ట్రెంటన్ నగరానికి చేరువనున్న జనరల్ మోటార్స్ వారి కర్మాగారంలో ఒక కొత్త యంత్రాన్ని పనిలో ప్రవేశపెట్టారు. కరిగిన లోహాన్ని మిక్కుటమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి ఎక్కించి మోటారు కారులకు కావలసిన భాగాలను అక్కడ పోతపోసేవారు. అచ్చు విడిన వెంటనే సెగలు కక్కుతున్న పోతను బయటకు తీయాలి. ఎదుట వేడి, చుట్టూ పొగ, ఆవిరి. ఏమరుపాటున చేయి లోపలనే ఉండిపోతే అచ్చు మూసుకొని నలిగిపోతుంది. ఈ పనిని కొత్త యంత్రం చేయసాగింది. దాని పేరు యూనిమేట్. బరువు సుమారు 1,800 కిలోగ్రాములు. దానికి తల లేదు, కాళ్లు లేవు. ఉన్నది ఒక్క చేయి మాత్రమే. కర్మాగారంలో కుదురుకొన్న మొదటి మరమనిషి అదేనని చరిత్రకారులు చెబుతారు.

మనిషిని ప్రమాదం నుండి తప్పించటానికి వచ్చిన యంత్రమిది. అయినప్పటికీ పదునెనిమిది సంవత్సరాలు నిండకముందే, ఈ జాతి యంత్రమొకటి ఒక కార్మికుని ప్రాణం తీసింది. యంత్రానికి మనిషిపై పగ ఉండదు. మనిషికి చావవలెనని కోరిక లేదు. అటువంటప్పుడు ఆ మరణం ఎట్లా సంభవించింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూనే, మరమనిషి చెంత మనిషి క్షేమంగా పనిచేయటానికి కావలసిన శాస్త్రమంతా ఏర్పడింది.

పేరు, పుట్టుక

ఇంగ్లీషులోనూ ఇతర భాషలలోనూ మరమనిషికి వాడుతున్న రోబో అనే మాట చెక్ భాష నుండి వచ్చింది. ఆ భాషలో రోబోటా అనగా వెట్టిచాకిరి. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ప్రచురించిన ఒక నాటకంలో, మనుషులకు చాకిరి చేయటానికి కృత్రిమంగా తయారుచేసిన జీవులకు ఈ పేరు పెట్టాడు. మాటను సూచించినది ఆయన అన్న, చిత్రకారుడైన యోసెఫ్ చాపెక్.

నాటకంలోని ఊహ కార్యరూపం ధరించటానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. జార్జి డెవోల్ అనే అమెరికన్ 1954లో తన యంత్రానికి పేటెంటు కోరాడు. అది 1961లో మంజూరైంది. ఈలోగా, 1956లో ఆయనకు జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ అనే ఇంజనీరుతో పరిచయమైంది. ఒకరి ఊహ, ఇంకొకరి కార్యదక్షత కలసి యూనిమేట్ అయింది. దాని చేతిని నడిపినది నూనె ఒత్తిడి. ఏ క్షణాన ఎటు తిరగాలో తెలిపే ఆదేశాలు తిరుగుతున్న ఒక అయస్కాంతపు పీపాపై నమోదై ఉండేవి. 1969లో జపానులోని కవాసాకి సంస్థ వారు ఈ యంత్రాలను తమ దేశంలో తయారు చేయనారంభించారు. 1974లో స్వీడన్‌కు చెందిన ఆసియా కంపెనీ, నూనె ఒత్తిడికి బదులు విద్యుత్ మోటార్లతో నడుస్తూ మైక్రోప్రాసెసర్ ఆజ్ఞలకు లోబడే చేతిని విడుదల చేసింది. నేటి మరమనుషులు చాలావరకు ఈ మార్గంలో వచ్చినవే. 2023వ సంవత్సరాంతానికి ప్రపంచంలోని కర్మాగారాలలో సుమారు 42 లక్షల 80 వేల మరమనుషులు పనిచేస్తున్నట్లు అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్కకట్టింది.

చేయి కదిలే తీరు

బల్లపై ఉన్న గ్లాసును అందుకోవాలంటే మన చేయి రెండు పనులు చేయాలి. మొదట గ్లాసు ఉన్న చోటికి చేరాలి. ఆ చోటును నిర్ణయించటానికి మూడు కొలతలు చాలు: ముందుకెంత, పక్కకెంత, పైకెంత. రెండవది, గ్లాసును పట్టుకోవటానికి అనువుగా అరచేయి తిరగాలి. ఈ తిరుగుడును నిర్ణయించటానికి మరి మూడు కొలతలు కావాలి. మొత్తం ఆరు. అందువల్లనే సాధారణమైన మరచేతికి ఆరు కీళ్లుంటవి. మూడు కీళ్లు చేతిని చోటికి చేరుస్తవి. చివరి మూడు మణికట్టును తిప్పుతవి. ప్రతి కీలు వద్ద ఒక మోటారు, కీలు ఎంత తిరిగినదో కొలిచే సాధనం, ఒక బ్రేకు ఉంటవి.

దీనికి పని నేర్పటంలో విశేషమున్నది. నేర్పే కార్మికుడు తీగతో వేలాడే ఒక మీటల పెట్టెను చేతబట్టి, యంత్రం చేతిని మెల్లగా నడిపి, ముఖ్యమైన ప్రతి మజిలీ వద్ద 'ఈ చోటు గుర్తుంచుకో' అన్నట్లు ఒక మీట నొక్కుతాడు. ఆ తరువాత యంత్రం రాత్రింబగళ్లు అదే దారిని, మిల్లీమీటరులో చిన్న భాగమైనా తప్పకుండా, తిరిగి తిరిగి నడుస్తుంది. కారు బాడీకి వెల్డింగు చేసినా, రంగు చిమ్మినా, పెట్టెలు పేర్చినా సూత్రం ఒక్కటే.

గానుగ చుట్టూ తిరిగే ఎద్దు కూడా ఒకే దారిన తిరుగుతుంది. కాని ఆ దారి నేలపై స్పష్టంగా కనబడుతూ ఉంటుంది. పసివాడు అడ్డం వస్తే ఎద్దు చూసి ఆగుతుంది. మరచేతి దారి గాలిలో ఉన్నది, కంటికి కనబడదు. తన చుట్టూ రెండు మూడు మీటర్ల మేర ఎక్కడికైనా అది చాచగలదు. అడ్డం వచ్చినది ఇనుపముక్కో మనిషి తలో, చెప్పేవారు లేనిదే దానికి తెలియదు. లేతు యంత్రం తానున్న చోటనే తిరుగుతుంది. ప్రెస్సు పైకీ కిందికీ కదులుతుంది. వాటి ప్రమాదస్థలం ఏదో చూడగానే తెలుస్తుంది. మరచేతికి మాత్రం చుట్టూ ఉన్న ప్రదేశమంతా ప్రమాదస్థలమే.

ఆగినది వేరు, వేచి ఉన్నది వేరు

1979 జనవరిలో మిచిగన్ రాష్ట్రంలోని ఒక పోత కర్మాగారంలో, అరలలో నిలవ ఉంచిన పోతలను తీసి అందించే యాంత్రిక వ్యవస్థ సరిగా పనిచేయటం లేదని ఒక కార్మికుడు తానే అరలోనికి ఎక్కాడు. యంత్రపు మిగిలిన భాగాలు తమ పని మానలేదు. టన్ను బరువుగల ఒక చలనభాగం వెనుకనుండి చప్పుడు లేకుండా వచ్చి ఆయన తలకు తగిలింది. మనిషి ఉన్నట్లు కనిపెట్టి ఆగే ఏర్పాటు గాని, వస్తున్నానని హెచ్చరించే గంట గాని దానికి లేదు. 1983లో న్యాయస్థానంలోని జ్యూరీ ఆ కుటుంబానికి కోటి డాలర్ల నష్టపరిహారం ఇప్పించింది.

1981 జూలైలో జపానులోని అకాషి పట్టణంలో జరిగిన ప్రమాదం ఇంకా ఆలోచింపదగినది. అక్కడ మరమనిషి చుట్టూ కంచె ఉన్నది. కంచె తలుపు తెరిస్తే విద్యుత్తు ఆగిపోయే ఏర్పాటూ ఉన్నది. యంత్రాన్ని పరీక్షించవచ్చిన కార్మికుడు తలుపు తీయలేదు. కంచె దాటి లోపలికి దిగాడు. విద్యుత్తు పూర్తిగా ఆగలేదు. కదలిన చేయి ఆయనను పక్కనున్న మరొక యంత్రంపైకి నెట్టింది.

ఈ రెండు ప్రమాదాలలోను పోలిక ఉన్నది. యంత్రం తన నిత్యకృత్యంలో ఉండగా, మనిషి తన చోట తానుండగా ఏమీ జరగలేదు. పని ఎక్కడో చిక్కుపడి, దానిని సరిచేయటానికి మనిషి యంత్రం మేరలోనికి పోయినప్పుడే ముప్పు వచ్చింది. పని నేర్పేటప్పుడు, శుభ్రపరచేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు, ఇరుక్కున్న వస్తువును తీసేటప్పుడు జాగ్రత్త యెక్కువ కావలసిన కారణమిదే.

మరొక సంగతి కూడా గమనించాలి. ఆగిపోయిన మరమనిషి, వేచి ఉన్న మరమనిషి చూడటానికి ఒక్కతీరుగానే ఉంటవి. సరకు మోసే బెల్టుపై ఒక పెట్టె అడ్డంగా ఇరుక్కున్నదనుకొందాము. తరువాతి పెట్టె వచ్చినట్లు తెలిపే విద్యున్నేత్రం ముందుకు ఏదీ రాదు. మరమనిషి చేయి పైకెత్తి నిశ్చలంగా నిలిచి ఉంటుంది. కార్మికుడు 'ఆగిపోయినది గదా' అని లోపలికి వెళ్లి పెట్టెను సరిగా నెడతాడు. పెట్టె కదలి విద్యున్నేత్రం ముందుకు వస్తుంది. అదే యంత్రానికి సంకేతం. ఎదురుచూస్తున్న చేయి వెంటనే కిందికి దిగుతుంది. కార్మికుడు తన చేతితో తానే యంత్రానికి ఆజ్ఞ ఇచ్చినవాడవుతాడు. కనుక కదలకపోవటం క్షేమానికి గుర్తు కాదు. యంత్రానికి శక్తి అందే మార్గాన్ని తెంచి, అది తిరిగి కలవకుండా చేసినప్పుడే యంత్రం నిజంగా ఆగినట్లు.

వేగంలో ఉన్న ముప్పు

మరచేయి తగిలితే దెబ్బ ఎంత ఉంటుంది? చలనంలో ఉన్న వస్తువు శక్తి దాని బరువును బట్టి, వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. చేయి, అది పట్టిన వస్తువు కలిపి 200 కిలోగ్రాములనీ, వేగం సెకనుకు 2 మీటర్లనీ అనుకొంటే, ఆ శక్తి 400 జౌళ్లు. ఇరవై కిలోగ్రాముల రాయి రెండు మీటర్ల ఎత్తునుండి పడితే కలిగే దెబ్బకు ఇది ఇంచుమించు సమానం.

వేగాన్ని సెకనుకు 25 సెంటీమీటర్లకు, అనగా ఎనిమిదవ వంతుకు, తగ్గించినామనుకొందాము. శక్తి ఎనిమిదవ వంతు కాదు. అరవైనాలుగవ వంతు అవుతుంది. 400 జౌళ్లు ఆరున్నర జౌళ్లకు లోపే వస్తవి. అదే రాయి మూడు సెంటీమీటర్ల పైనుండి జారినట్లు. పైగా తప్పుకోవటానికి మనిషికి వ్యవధి దొరుకుతుంది. పని నేర్పేవాడు లోపల ఉండగా మరచేతి వేగం సెకనుకు 25 సెంటీమీటర్లు మించరాదని అంతర్జాతీయ ప్రమాణాలు విధించటంలోని ఔచిత్యమిది.

అయితే మందగమనం ఒక్కటే చాలదు. మనిషి వెనుక గోడ గాని స్తంభం గాని ఉంటే, మెల్లగా వచ్చిన చేయి కూడా అదిమిపట్టి నలిపివేయగలదు. మోటారు తోస్తూనే ఉంటుంది గదా! అందుచేత యంత్రాన్ని నిలిపేటప్పుడే, చేయి ఎంత చాచినా దానికీ గోడకూ మధ్య మనిషి చిక్కుపడనంత ఎడం విడవాలి.

కంచె, తలుపు, వెలుగుతెర

మన రైలు దారులలో గేటుకూ సిగ్నలుకూ ఉన్న లంకె చాలామందికి తెలిసినదే. అటువంటి గేటు మూసి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నలు వాలదు. గేటువాని జ్ఞాపకశక్తిపై ప్రయాణికుల ప్రాణాలను వదలకుండా, తప్పు చేయటానికే వీలు లేని ఏర్పాటు చేశారు. మరమనిషి కంచెకు పెట్టే తలుపు కూడా ఇటువంటిదే. తలుపు తెరుచుకొంటే చేతికి చలనశక్తి ఆగిపోతుంది. తలుపు మూసినంత మాత్రాన పని తిరిగి మొదలు కాదు. లోపల ఎవరూ లేరని చూసుకొని, కంచె వెలుపలనున్న మీటను ఒకరు నొక్కాలి.

సరకు మాటిమాటికీ లోపలికి పోవలసిన చోట తలుపుకు బదులు కంటికి కనబడని కిరణాల తెర అమర్చుతారు. మనిషి ఆ కిరణాలను అడ్డగించగానే యంత్రానికి ఆగమని ఆజ్ఞ పోతుంది. కాని ఆజ్ఞ అందిన క్షణంలోనే చేయి నిలువదు. సంకేతం చేరటానికి కొంత, బ్రేకు పట్టటానికి కొంత కాలం కావాలి. ఆ కాలంలో మనిషి నడుస్తూనే ఉంటాడు. అందువల్ల తెరను ఎంత దూరంలో పెట్టాలన్నది లెక్క ప్రకారం నిర్ణయించాలి.

లెక్క సులభమే. మనిషి నడక వేగాన్ని సెకనుకు 1.6 మీటర్లుగా తీసుకొంటారు. యంత్రం పూర్తిగా ఆగటానికి అరసెకను పడితే, ఈలోగా మనిషి 80 సెంటీమీటర్లు ముందుకు వస్తాడు. ఆయన చేయి చాచవచ్చును గనుక దానికి మరి 85 సెంటీమీటర్లు కలుపుదాము. మొత్తం 1 మీటరు 65 సెంటీమీటర్లు. తెర ఇంతకు దగ్గరగా ఉంటే, కదులుతున్న చేతికి మనిషి అందుతాడు. కొంతకాలానికి బ్రేకులు అరిగి ఆగే కాలం 0.7 సెకను అయిందనుకొందాము. అప్పుడు కావలసిన దూరం 1 మీటరు 97 సెంటీమీటర్లు. తెర మాత్రం పాత చోటనే ఉన్నది. చూడటానికి ఏ లోపమూ లేదు. అయినా 32 సెంటీమీటర్ల మేర రక్షణ కరిగిపోయింది. నియమిత కాలంలో యంత్రం ఆగే వ్యవధిని కొలవాలని ఇంజనీర్లు పట్టుబట్టటం ఇందుకే.

కంచె లోపలికి పోయేవాడు

నేర్పేవాడు, మరమ్మతు చేసేవాడు కంచె లోపలికి పోక తప్పదు. మరమ్మతు చేసేవానికి తాళమే రక్ష. యంత్రానికి విద్యుత్తు వచ్చే ప్రధానమైన స్విచ్చిని తెంచి, దానికి తన తాళం వేసి, తాళంచెవిని తన జేబులోనే ఉంచుకోవాలి. నలుగురు లోపలికి పోతే నాలుగు తాళాలు పడాలి. కడపటి మనిషి బయటకు వచ్చి తన తాళం తీసేవరకు ఎంతటి అధికారి అయినా యంత్రాన్ని నడపలేడు. విద్యుత్తు ఆపినంతనే పని ముగిసిందనుకోరాదు. పైకెత్తిన చేయి తన బరువుతో తాను దిగవచ్చు. గొట్టాలలో ఒత్తిడిగాలి మిగిలి ఉండవచ్చు. చేతికి ఊతమివ్వాలి, గాలిని వదలివేయాలి.

నేర్పేవాని చేతిలోని పెట్టెకు ఉండే ప్రత్యేకమైన స్విచ్చిలో మానవ స్వభావ పరిశీలన దాగి ఉన్నది. మొదట ఈ స్విచ్చి వదిలివేస్తే ఆగేటట్లు, నొక్కితే నడిచేటట్లు ఉండేది. కాని హఠాత్తుగా భయపడిన మనిషి ఏం చేస్తాడు? కొందరు చేతిలోని వస్తువును వదిలివేస్తారు; కొందరు బిగించి పట్టుకొంటారు. రెండవ రకం వారికి ఆ స్విచ్చి వల్ల ప్రయోజనం లేదు. అందుచేత దానికి మూడు స్థితులు కల్పించారు. మెత్తగా నొక్కి ఉంచితేనే చేయి కదులుతుంది. వదిలినా ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. మనిషి ఎట్లా భయపడినా యంత్రం ఆగటమే జరుగుతుంది.

కంచె లేని మరమనిషి

1996లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ కోల్గేట్, మైకేల్ పెష్కిన్ అనే ఆచార్యులు మనిషితో కలసి పనిచేసే యంత్రాన్ని ప్రతిపాదించారు. 2008లో డెన్మార్క్‌కు చెందిన యూనివర్సల్ రోబోట్స్ కంపెనీ తన మొదటి తేలికపాటి చేతిని అమ్మింది. ఈ జాతి చేతులు తక్కువ బరువుతో, గుండ్రని అంచులతో ఉంటవి. ఏదైనా తగలగానే కీళ్లపై పడిన బలంలోని తేడాను కనిపెట్టి ఆగిపోతవి. ఇటువంటి సహకార యంత్రాన్ని తగిన పరీక్ష తరువాత కంచె లేకుండానే నిలుపవచ్చు.

ఎంత తాకిడిని మనిషి శరీరం సహిస్తుందో తెలియకుండా ఇట్టి యంత్రానికి హద్దు గీయటం ఎట్లా? జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 100 మంది పెద్దలపై, శరీరంలోని 29 చోట్ల, నొప్పి ఎంత ఒత్తిడి వద్ద మొదలవుతుందో కొలిచారు. ఆ ఫలితాల ఆధారంగా ఐ.ఎస్.ఓ. అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2016లో హద్దులను ప్రకటించింది. ముఖానికి మాత్రం తాకిడి అసలే కూడదన్నారు.

ఇక్కడ ఒక భ్రమకు చోటున్నది. చేయి నెమ్మదిగలది గనుక దానితో చేసే పని అంతా క్షేమమే అనుకోరాదు. 50 న్యూటన్ల బలం 5 చదరపు సెంటీమీటర్ల మెత్తని దిండుపై పడితే చదరపు సెంటీమీటరుకు 10 న్యూటన్ల ఒత్తిడి. అదే బలం 5 చదరపు మిల్లీమీటర్ల మొనపై నిలిస్తే ఒత్తిడి నూరురెట్లు, అనగా 1,000 న్యూటన్లు. ఆ చేతికి కత్తి కట్టినా, పదునైన రేకు అందించినా అది సాధువు కాదు. ఈ కారణంగానే ఐ.ఎస్.ఓ. వారి 10218వ ప్రమాణం రెండు భాగాలుగా ఉన్నది. ఒక భాగం మరమనిషిని తయారుచేసేవారికి. రెండవది దానిని తెచ్చి, పట్టుసాధనం బిగించి, కంచె కట్టి పనిలో నిలిపేవారికి. 1992లో మొదట వెలువడిన ఈ ప్రమాణాన్ని 2025లో మళ్లీ సవరించారు. క్షేమం మరమనిషిలో మాత్రమే లేదు. అది నిలిచిన చోటంతటా ఉండాలి.

మన కర్మాగారాలలో

భారతదేశంలో 2023వ సంవత్సరంలో 8,510 కొత్త మరమనుషులను స్థాపించారని సమాఖ్య లెక్క. రాయలసీమలోని పెనుకొండ చెంత 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కారుల కర్మాగారంలో వందలాది మరచేతులు పనిచేస్తున్నవి. ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్‌లోనో చదువు ముగించిన మన యువకులూ యువతులూ ఈ యంత్రాల నడుమ జీవనోపాధి వెదుకుకొంటున్నారు. మరమనిషి వస్తే మనిషికి పని పోతుందా అనే చర్చ ఎప్పటినుండో ఉన్నది. ఆ పనిలో నిలిచిన మనిషి సాయంకాలం క్షేమంగా ఇల్లు చేరతాడా అనే ప్రశ్నకు అంత ప్రాముఖ్యం లభించటం లేదు.

యంత్రాల చలనభాగాలకు పదిలమైన కంచె ఉండాలని మన 1948 నాటి కర్మాగారాల చట్టంలోనే చెప్పారు. చట్టం, ప్రమాణం, సాధనం అన్నీ ఉన్నా వాటిని వమ్ముచేసే సులువైన ఉపాయమొకటి ప్రతి దేశంలోనూ కనబడుతుంది. మాటిమాటికీ తలుపు తెరిస్తే యంత్రం ఆగి ఉత్పత్తి తగ్గుతున్నదని, తలుపు స్విచ్చిని ఒక తీగముక్కతో కట్టివేస్తారు. ఆనాటినుండి తలుపు తెరిచి ఉన్నా, మూసి ఉన్నట్లే యంత్రం భావిస్తుంది. ఆ తీగ కట్టిన కార్మికుని ఒక్కనినే నిందించటం న్యాయం కాదు. గంటకు పదిసార్లు తలుపు తీయవలసి వచ్చిందంటే పెట్టెలు ఎందుకు ఇరుక్కుంటున్నవో విచారించాలి, బెల్టును సరిచేయాలి. ఆ విచారణ యాజమాన్యపు బాధ్యత. తలుపు తీసి యంత్రాన్ని ఆపిన కార్మికుడు ఉత్పత్తికి నష్టం తెచ్చినవాడు కాదనీ, తన పనిని సక్రమంగా చేసినవాడనీ ఫోర్మన్ అంగీకరించాలి.

మరమనిషికి అలసట లేదు, విసుగు లేదు. వాటితోపాటు వివేకమూ లేదు. ఎప్పుడు ఆగవలెనో దానికి మనుషులే ముందుగా ఏర్పాటు చేసి పెట్టాలి. కొత్తగా చేరిన కార్మికునికి మీటలు నొక్కటం కంటె ముందు నేర్పవలసిన పాఠమొకటున్నది: ఎదుట నిశ్చలంగా ఉన్న చేయి ఆగినదో, వేచి ఉన్నదో కంటితో తేల్చుకోరాదు, జేబులో ఉన్న తాళంచెవితో తేల్చుకోవాలి.